లాటరీ ఇల్లు వచ్చేదాకా ఉండేది ఎక్కడ?



ముంబయిలో మన సంఘం ఆఫీసు తలుపు తీస్తే మొదట వినబడే ప్రశ్న ఒకటే: "అన్నా, లాటరీలో మన మిల్లు పేరు ఎప్పుడొస్తది?" అడగడంలో తప్పు లేదు. మిల్లు కార్మికుల కోసం మ్హాడా 2012లో 6,925 ఇళ్లకు, 2016లో 2,634 ఇళ్లకు, 2020లో 3,894 ఇళ్లకు లాటరీ తీసింది. మూడూ కలిపినా 13,453. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు లక్షకు చాలా పైన. ఈ లెక్కన మనలో చాలామందికి ఇల్లు వచ్చేలోగా మనవల పెళ్లిళ్లు కూడా అయిపోతాయి. అప్పటిదాకా అద్దె ఖోలీయే గతి. ఆ అద్దె గురించి మాత్రం మన సభల్లో ఎవరూ నోరు విప్పరు.

1989లో నేను బద్లీ కార్మికుడిగా చేరినప్పుడు పన్నెండు మందిమి ఒక ఖోలీలో ఉన్నాం. పగలు షిఫ్టువాళ్లు లేచిన చాపల మీదే రాత్రి షిఫ్టువాళ్లు పడుకునేవాళ్లు. ఖోలీ మన ఊరివాడిదే. నెల నెలా చేతిలో డబ్బు పెడితే చాలు, కాగితం అక్కర్లేదు. మోసం చేస్తే ఊళ్లో తల ఎత్తుకోలేడు గదా! మిల్లులు మూతపడి, పరేల్‌లో టవర్లు లేచాక మనం భివండీ, కళ్యాణ్, విరార్ దాకా పోయాం. మాట మీద డబ్బు కట్టే అలవాటు మాత్రం మన వెంటే వచ్చింది. అక్కడి ఓనరు మన ఊరివాడు కాడు.

నా సంగతే చెబుతాను. 2005లో ఒక దలాలు మాట నమ్మి ముప్పై వేలు డిపాజిట్ కట్టాను. పద్నాలుగో నెలలో ఖాళీ చేయమన్నారు. రంగులకని, కరెంటు బాకీ అని కోసి ఎనిమిది వేలు చేతిలో పెట్టారు. గట్టిగా అడిగితే రసీదు చూపమన్నారు. పదిమందికి గ్రాట్యుటీ చట్టం చెప్పేవాణ్ణి, నా దగ్గరే కాగితం లేదు! రాయడానికి సిగ్గే, అయినా రాస్తున్నాను.

మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లో 55వ సెక్షన్ ఉంది. అద్దె ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టరు కావాలి. రిజిస్టరు చేయించే బాధ్యత ఓనరుది. చేయించకపోతే మూడు నెలల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. రిజిస్టరు కాగితం లేనిచోట షరతుల గురించి అద్దెకున్నవాడి మాటే చెల్లుతుంది, అది తప్పని ఓనరు రుజువు చేస్తే తప్ప. 2005లో ఇది నాకు తెలిసి ఉంటే ఎనిమిది వేలు పట్టుకుని తిరిగి వచ్చేవాణ్ణి కాదు.

కాగితం అడిగితే ఇల్లే ఇవ్వరంటారు. కొందరు ఇవ్వరు, నిజమే. పెళ్లికాని పిల్లలకైతే కాగితం అడగకపోయినా ఇవ్వడం లేదు. పైగా పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్స్ కాగితం ఓనరుకూ ఆయుధమే. గడువు తీరాక మనం కదలకపోతే దానితోనే ఖాళీ చేయిస్తాడు. అయినా సరే, డిపాజిట్ ఎంత, అద్దె ఎంత, కరెంటు బిల్లు ఎవరిది అని రాసి రిజిస్టరు కాకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇచ్చేది బ్యాంకు ద్వారా ఇవ్వండి.

ఇక ప్రభుత్వం సంగతి. 2008లో ఎం.ఎం.ఆర్.డి.ఏ. అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. గది 160 చదరపు అడుగులు. 1920లలో తెల్లవాడు కట్టిన బి.డి.డి. చాలీ గదీ అంతే! తరువాత అద్దె మాట పక్కనపెట్టి, పన్వేల్ దగ్గర కోన్‌లో రెండేసి గదులు కలిపి, మిల్లు కార్మికులకు ఆరు లక్షలకు అమ్ముతామని 2016లో లాటరీ తీశారు. ఆరు లక్షలు ఉన్నవాడికి మంచిదే. లేనివాడికి ఉన్న ఒక్క ఆశా పోయింది.

మిల్లు కార్మికుల పేరున కట్టే ఇళ్లలో కొన్ని అద్దెకే ఉంచాలని మన డిమాండ్ల పత్రంలో చేర్చమంటున్నాను. లాటరీ వాటా తగ్గుతుందని కొందరు పెద్దలకు కోపం వచ్చింది. వాళ్ల భయమూ కాదనలేనిది. జనరల్ బాడీలో తేల్చుకుందాం.

ఈలోగా అద్దెకుండే ప్రతి సభ్యుడూ తన కాగితం తీసుకుని ఏ ఆదివారమైనా ఆఫీసుకు రావాలి. కాగితం లేనివాళ్లు ముందు రావాలి.