కలహప్రియుడా, విజిగీషువా?

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయంలో, స్త్రీల ముసుగును గురించిన చర్చను పౌలు ముగించే చోట, 'ఫిలోనెయికోస్' అనే గ్రీకు విశేషణం ఉంది. తెలుగు బైబిలు దానిని 'కలహప్రియుడు' అన్నది. 'ఫిలో' ప్రియత్వాన్ని, 'నెయికోస్' కలహాన్ని చెబుతాయి గనుక అవయవార్థం సరిపోయిందని, ఇక సందేహానికి తావు లేదని ఈ అనువాదాన్ని సమర్థించవచ్చు. ఆ సమర్థనకు మొదట అడ్డు తగిలేది గ్రీకు వ్యాకరణం, ఆ తర్వాత నారదుడు.

నెయికోస్ సకారాంత నపుంసక శబ్దం. అటువంటి శబ్దం ఉత్తరపదమైతే విశేషణం 'ఏస్' అంతమవుతుంది. లాభవాచకమైన కెర్దోస్ నుంచి ఫిలోకెర్దేస్ ఏర్పడింది. ఆ లెక్కన కలహప్రియుడు 'ఫిలోనెయికేస్' కావాలి. 'ఓస్' అంతరూపం సహజంగా వచ్చేది విజయవాచకమైన స్త్రీలింగ శబ్దం 'నీకే' నుంచి. గౌరవవాచకమైన తీమే నుంచి ఫిలోతీమోస్ వచ్చినట్లే. ప్లేటో 'రిపబ్లిక్' తొమ్మిదవ పుస్తకంలో మనుషులను జ్ఞానప్రియులు, జయప్రియులు, లాభప్రియులు అని విభజించిన చోట ఈ రెండు నిర్మాణాలూ పక్కపక్కనే ఉన్నాయి. మరి 'ఎయి' ఎక్కడిది? తర్వాతి కాలపు ఉచ్చారణలో ఎయి, ఈ ఒకటైపోయాయి. లేఖకులు ఒకదానికి బదులు మరొకటి రాశారు. తాళపత్ర ప్రతులతో కుస్తీ పట్టినవారికి లేఖకుని చెవి చేసే చేటు కొత్త కాదు.

వ్యాకరణాన్ని పక్కన పెట్టినా ప్రయోగం మిగులుతుంది. యువకులు గౌరవప్రియులని, అంతకు మించి ఫిలోనీకోస్ స్వభావులని అరిస్టాటిల్ 'రెటోరిక్'లో అన్నాడు. యౌవనం ఆధిక్యాన్ని కోరుతుందని, విజయం ఒక ఆధిక్యమని కారణం కూడా తానే చెప్పాడు. ఇక్కడ కలహానికి చోటెక్కడ? జెనోఫోన్ 'మెమొరబీలియా'లో సోక్రటీసు, అన్నతో పడని కైరెక్రటీసును ముందుగా చొరవ చూపమంటాడు; అలా చేస్తే అన్న కూడా మేలు చేయడంలో తమ్ముణ్ణి మించిపోవాలని పోటీ పడతాడంటాడు. ఆ పోటీకి వాడిన క్రియ ఈ పదకుటుంబంలోదే. దానిని కలహప్రియత్వమంటే సోక్రటీసు సలహా తలకిందులవుతుంది.

పౌలు నాటికి కలహార్థం స్థిరపడిందన్న అభ్యంతరం బలమైనదే. దానిని తోసిపుచ్చనక్కర లేదు. అయితే లూకా సువార్త 22వ అధ్యాయంలో ఈ పదపు నామరూపం దేనికి వాడబడింది? తమలో ఎవరు గొప్ప అని శిష్యులు పడిన తగవుకు. తగవు వచ్చింది సరే, ఆధిక్యకాంక్ష పోలేదు.

తెలుగు పాఠకుడికి కలహప్రియుడనగానే తోచేది నారదుడు. ఆయన తగవు పెడతాడు గాని తాను గెలవవలసింది ఏమీ లేదు. ఫిలోనీకోస్ అందుకు విరుద్ధం. గెలుపు చేతికందితే అతనికి తగవుతో పని లేదు. న్యాయశాస్త్రం వాదాన్ని తత్త్వబుభుత్సువుకు విడిచి, జల్పవితండలను అప్పగించిన విజిగీషువే అతడు. ప్లేటో, అరిస్టాటిళ్ల అనువాదాలకు ఆ మాట చాలు. పౌలు మందలించిన మనిషికి అది మరీ శాస్త్రీయమనిపిస్తే, 'పంతం పట్టినవాడు' అనవచ్చు. కైరెక్రటీసు అన్న చేయబోయే మేలు కూడా పంతం మీద చేసేదే.