ముందు నడిచే అక్క ఏదీ?

"ఆడపిల్లకి మిలట్రీ ఏమిటమ్మా!" అన్న మాట ఇప్పటికీ మన ఇళ్లలో వినబడుతూనే ఉంది. ఆ మాటకు న్యాయస్థానం ఎప్పుడో జవాబు చెప్పేసింది. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశపరీక్ష అమ్మాయిలూ రాయగలిగారు. 2022లో చేరిన తొలి జట్టులో 17 మంది 2025 మే నెలలో అక్కడ చదువూ శిక్షణా ముగించుకుని బయటికి వచ్చారు. సంతోషించాల్సిన సంగతే. అయితే ఈ కబురు డొంకరాయి దాకా చేరిందా? చేరినా, అక్కడి అమ్మాయిని చెయ్యి పట్టుకుని ఆ గుమ్మం దాకా తీసుకెళ్లేదెవరు?

సీలేరు నది మీద ఆనకట్ట, జలవిద్యుత్ కేంద్రం ఉన్న ఊరు డొంకరాయి. చుట్టూ తూర్పు కనుమలు, గిరిజన గూడేలు. ఈ మన్యానికి పోరాటం కొత్తకాదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరసగా దాడిచేసిన అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడింది గాం గంటందొర, మల్లుదొరల వంటి కొండబిడ్డలే. నీళ్లబిందెతో, కట్టెలమోపుతో కొండ ఎక్కి దిగే ఆడపిల్లకు సత్తువా ధైర్యమూ ఒకరు నేర్పక్కర్లేదు. ఆమెకు లేనిదల్లా, ఆ దారిన తను ముందు నడిచి, "ఇటు రా చెల్లీ" అని పిలిచే మనిషి.

సైన్యంలో నాయకత్వం పుస్తకాలు చదివితే వచ్చేది కాదు. మనిషి నుంచి మనిషికి అందేది. అకాడమీలో పై తరగతి కేడెట్లను చూసి కింది తరగతి వాళ్లు నేర్చుకుంటారు. శిక్షణ అయ్యాక, ఇరవై రెండేళ్ల లెఫ్టినెంటు చేతికి ముప్ఫైమంది దాకా జవాన్లను అప్పగిస్తారు. ఆ పక్కనే, దాదాపు రెట్టింపు వయసున్న సుబేదారు ఉంటాడు. హోదాలో కింద, అనుభవంలో పైన. ఆజ్ఞ ఇచ్చేది లెఫ్టినెంటే. దాన్ని ఎప్పుడు, ఎలా ఇవ్వాలో నలుగురిలో చిన్నబుచ్చకుండా నేర్పేది మాత్రం ఆ సుబేదారు. కొత్తకోడలికి ఇంటి పద్ధతులన్నీ చాటుగా చెప్పిపెట్టే పెద్ద తోడికోడలు లాంటివాడన్నమాట!

మరి అమ్మాయిలకు ఈ తోడు ఎందుకు కరువైంది? కారణం ఉంది. వైద్య విభాగాలు కాక మిగతా విభాగాల్లో మహిళాధికారులను సైన్యం తీసుకోవడం మొదలుపెట్టింది 1992లో. అదీ కొన్నేళ్ల కొలువే. పని నేర్చి, పదిమందికి నేర్పగల దశకు వచ్చేసరికి చాలామంది యూనిఫాం విప్పి ఇంటికి రావలసి వచ్చేది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక గాని శాశ్వత కమిషన్ దారి విశాలం కాలేదు. 2023లో మహిళలు కర్నల్ హోదాలో యూనిట్లకు నాయకత్వం వహించే బాధ్యతల్లోకి వచ్చారు. అంటే, వెనక వచ్చే చెల్లెళ్లకు పెద్దక్కలు ఇప్పుడిప్పుడే తయారవుతున్నారు. డిఫెన్స్ అకాడమీలో చేరిన తొలి అమ్మాయిలకైతే అక్కడ పై తరగతిలో ఒక్క అక్క కూడా లేదు!

మగపిల్లలకు ఈ తోడు చిన్నప్పుడే దొరికేది. గల్వాన్ లోయలో 2020 జూన్‌లో ప్రాణాలర్పించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకున్నారు. అక్కడ పాఠం చెప్పే మాస్టారూ, పరుగెత్తించే హవల్దారూ, ముందు తరగతి అన్నలూ అందరూ గురువులే. 1962లో మొదలైన ఆ బడిలో ఆరో తరగతికి ఆడపిల్లలను తీసుకున్నది 2021లో!

తోడు దొరికితే మన పిల్లలు ఏం చేయగలరో చూశాం. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. దానికి ముందు ఆమెలోని పట్టుదల గమనించి, భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్పినవాళ్లున్నారు. ఆ భువనగిరి జిల్లాలోనే 2018లో అమ్మాయిలను సైనికాధికారులుగా తీర్చిదిద్దేందుకు తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ డిగ్రీ కళాశాల పెట్టింది.

కొండమీది పిల్లకు సమయానికి ఒక మాట చెప్పేవాళ్లుంటే చాలు. డిఫెన్స్ అకాడమీ పరీక్షకు వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల లోపు. పెళ్లి కాకూడదు. నౌకాదళం, వైమానిక దళం కావాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండి తీరాలి. పరీక్ష ఏడాదికి రెండుసార్లు. ఆడపిల్లలకు ఫీజు లేదు. ఇంతే సంగతి! ఇది తెలియకే ఎంత తెలివైన పిల్లయినా పదో తరగతి కాగానే వేరే గ్రూపు తీసుకుంటుంది, లేదా పెళ్లిపీటలు ఎక్కేస్తుంది. తెలిసేసరికి వయసు దాటిపోతుంది.

దారి చూపడమంటే బలవంతాన తోయడం కాదు. "నీకిది సరిపడదు తల్లీ, ఇంకోటి చూద్దాం" అని చెప్పగలిగేదీ ఆ మనిషే. కన్నతల్లికి భయం ఉంటుంది. అది తప్పూ కాదు. ఆ తల్లి పక్కన కూర్చుని, ఉన్న ప్రమాదం దాచకుండా చెప్పి, ఆమె మాట కూడా వినాలి.

సైన్యంలో పనిచేసి వచ్చిన సోదరీమణులారా, మీరు సెలవుల్లో మీ ఊరి బడికే కాదు, ఒక్కరోజు మన్యంలోని ఆశ్రమ పాఠశాలకు కూడా వెళ్లండి. ఎన్.సి.సి. చూసే టీచరమ్మలు, మాజీ సైనికుల ఇల్లాళ్లు కూడా ఈ పని చేయగలరు. ఒక్కొక్కరు ఒక్క అమ్మాయిని ఎంచుకుని, పదో తరగతి నుంచి పరీక్ష హాలు దాకా వెంట ఉంటే చాలు. రేపు ఆ అమ్మాయి భుజం మీద నక్షత్రాలతో డొంకరాయి బస్సు దిగితే, ఆ తర్వాత అక్కడి పిల్లలకు మనం చెప్పక్కర్లేదు. వాళ్లక్కే చెప్పుకుంటుంది.