ఆడపిల్లల సాకర్, తొడ వెనక కండరం

శనివారం వచ్చిందంటే మన తెలుగువాళ్ళ మినీవాన్లు సగం సాకర్ మైదానాల దగ్గరే ఉంటాయి. కిందటి సీజన్లో మా పక్క వీధి వాళ్ళమ్మాయి, పద్నాలుగేళ్ళది, ఎవరూ తగలకుండానే పరుగులో ఒక్కసారి పక్కకి తిరిగి కూలబడిపోయింది. మోకాట్లో ఏసీఎల్ తెగింది. ఆపరేషను, ఆపైన తొమ్మిది నెలలు ఆట బంద్. "దాని రాతండీ" అన్నారు వాళ్ళమ్మగారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. మా అమ్మాయికి పదకొండేళ్ళు, అదే క్లబ్బు.

నేను డాక్టర్ని కాను, ప్రోగ్రామర్ని. ఏదైనా పాడైతే లాగ్ ఫైలు చూడందే నిద్ర పట్టని జాతి. చదివితే తెలిసింది, ఇది ఒక్క ఇంటి గొడవ కాదని. ఆర్సెనల్ క్లబ్బులో 2022 నవంబరు నుంచి 2023 మే లోపల నలుగురికి ఏసీఎల్ తెగింది. వాళ్ళలో బెత్ మీడ్, మిడెమా, లియా విలియమ్సన్ 2023 ప్రపంచ కప్పుకే దూరమయ్యారు. మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళకి ఈ గాయం రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఎందుకంటే, తొడ ముందు కండరం కాలి ఎముకని ముందుకి లాగుతుంది, వెనక కండరం వెనక్కి పట్టి ఉంచుతుంది. కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి బలిసి ఒకటి చిక్కితే భారమంతా మధ్యనున్న ఏసీఎల్ మీద పడుతుంది. చిన్నప్పుడు అబ్బాయిలకీ అమ్మాయిలకీ పెద్ద తేడా ఉండదు. పన్నెండు పదమూడేళ్ళకి ఒళ్ళు, ఎత్తు పెరిగేటప్పుడు అబ్బాయిలకి రెండు కండరాలూ బలపడతాయి. చాలామంది అమ్మాయిలకి వెనకది వెనకబడిపోతుంది. ముందుదాని బలంలో వెనకది కనీసం 60 శాతం ఉండాలని పాత లెక్క. కుడి ఎడమల మధ్య 10-15 శాతం మించి తేడా ఉంటే పట్టించుకోవాలంటారు. ఇంకో చిత్రం: అమ్మాయిలకి ఎక్కువగా తెగేది బంతి తన్నే కాల్లో కాదు, నిలబడ్డ కాల్లో!

అలాగని పిల్లల్ని మెషీన్ల మీద కొలిపించడానికి పరిగెత్తకండి. ఆ అంకెలు చూసి ఎవరికి తెగుతుందో చెప్పడం నిపుణుల వల్లే కావట్లేదు. బూట్లు, మైదానం, అలసట, అన్నీ కలుస్తాయి. పనిచేసేది మాత్రం చవకైనది. స్వీడన్లో 12-17 ఏళ్ళ అమ్మాయిలు నాలుగున్నర వేలమంది మీద జరిగిన పరిశోధన 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు పావుగంట చొప్పున ఒంటికాలి గుంజీళ్ళు, నడుం ఎత్తడం, గెంతి మెత్తగా దిగడం వంటివి చేయించిన జట్లలో ఏసీఎల్ గాయాలు 64 శాతం తగ్గాయి.

మా కోచ్ కి చెబితే, "గంట ప్రాక్టీసులో పావుగంట దీనికి పోతే ఇక ఆటెప్పుడు?" అన్నాడు. నాకు కోపమొచ్చిన మాట నిజం. కానీ ఆయనా నాలాగే ఉద్యోగం చేసుకుంటూ జీతం లేకుండా వచ్చే తండ్రి. ఏడాది పొడుగునా విరామం లేకుండా ఆడిస్తున్నది మనం కామా?

మా అమ్మాయి కూచిపూడి టీచరుగారు అరమండిలో మోకాలు కాలివేళ్ళ మీదుగా రావాలని వందసార్లు సరిదిద్దుతారు. సాకర్లో గెంతి దిగినప్పుడు మోకాళ్ళు లోపలికి వాలుతున్నాయేమో చూసేవాళ్ళే లేరు.

ఇప్పుడు ప్రాక్టీసుకి పావుగంట ముందే వెళ్ళి మైదానం అంచున నేనే చేయిస్తున్నాను. మొదటి వారం మా అమ్మాయి ఒక్కతే, సిగ్గుపడుతూ. పోయిన వారానికి అయిదుగురయ్యారు. పక్క వీధి అమ్మాయి కూడా కుర్చీలో కూర్చుని లెక్కపెడుతోంది.