డ్రమ్ స్టిక్స్ కొనే రోజే చెవులకు రక్షణ కూడా కొనండి



స్కూల్ బ్యాండ్‌లో చేరిన పిల్లలకు యూనిఫాం, టోపీ, బూట్లు, స్టిక్స్ అంటూ ఒక జాబితా ఇస్తాం. డ్రమ్ సెట్ నేర్చుకుని ట్రినిటీ గ్రేడ్ పరీక్షలకు వెళ్లే పిల్లలైతే ప్రాక్టీస్ ప్యాడ్ కూడా కొనమంటాం. ఈ జాబితాల్లో చెవుల రక్షణ అన్న మాట మాత్రం కనిపించదు. వచ్చే విద్యా సంవత్సరం నుంచి అది జాబితాలో మొదటి వరుసలో ఉండాలన్నది నా అభిప్రాయం. అంతవరకూ ఆగకుండా మీరే కొనండి అని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అక్కడ పగటిపూట పరిమితి 50 డెసిబెల్స్. గేటు బయట హారన్ కొడితే మనకు కోపం వస్తుంది. లోపల మ్యూజిక్ రూమ్‌లో డ్రమ్ సెట్ ముందు కూర్చున్న పిల్లల చెవి దగ్గర మాత్రం శబ్దం సుమారు 100 డెసిబెల్స్‌కు చేరుతుంది. దాని గురించి ఎవరూ అడగరు.

100 డెసిబెల్స్ అంటే ఎంత? అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో పెద్దవాళ్లు 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి తగ్గుతుంది. 88లో 4 గంటలు, 91లో 2 గంటలు, 94లో గంట, 97లో అరగంట, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. మన పిల్లల క్లాసు గంటసేపు ఉంటుంది. ఇది పెద్దవాళ్ల లెక్క అని కూడా మరవకండి. ఫోన్లో పాటలు వినే విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ అని చెప్పి, పిల్లలకు మాత్రం 75 అని తగ్గించింది.

"కొన్నాళ్లకు అలవాటైపోతుంది లెండి" అని కొందరు అంటారు. చెవి అలవాటు పడదు. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి సన్నని కణాలు ఒక్కో వైపు 15 వేలకు పైగా ఉంటాయి. చచ్చిపోయినవి మనుషుల్లో మళ్లీ పుట్టవు. పెద్ద శబ్దం వల్ల ముందుగా పోయేది సన్నని స్వరాలు వినే శక్తి. స, శ, త, ఫ లాంటి అక్షరాలు స్పష్టంగా వినపడేది ఆ శక్తి వల్లే. అది తగ్గిన పిల్లలకు టీచర్ మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది కానీ, ఏమన్నారో సరిగా అందదు. దాన్ని మనం శ్రద్ధ లేకపోవడం అనుకుంటాం. మెటాలికా బృందం డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్ లాంటి పేరున్న కళాకారులే తమ చెవుల్లో ఆగని హోరు గురించి బయటికి చెప్పారు.

ఇక ఎంపిక విషయానికి వద్దాం. షాపుకు వెళితే డబ్బా మీద ఎన్ఆర్ఆర్ అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదని కొనకండి. అది ప్రయోగశాలలో కొలిచిన సంఖ్య. వాడుకలో ఎంత తగ్గుతుందో తెలియాలంటే, అందులోంచి 7 తీసేసి మిగిలినదాన్ని సగం చేయాలన్నది జాగ్రత్త కోసం వాడే లెక్క. డబ్బా మీద 25 అని ఉంటే 9 అనుకోండి. 100 డెసిబెల్స్ 91 అవుతుంది. 15 నిమిషాల గడువు 2 గంటలైంది. గంట క్లాసుకు అది చాలు.

మరీ ఎక్కువ మూసేస్తే ఏమవుతుంది? తన వాయింపు తనకే వినపడక పిల్లలు ఇంకా గట్టిగా కొడతారు, లేదా మధ్యలో తీసి జేబులో పెట్టుకుంటారు. గంట క్లాసులో 15 నిమిషాలు తీసేసినా ఆ రోజు కోటా మొత్తం అక్కడే అయిపోయినట్టు. అందుకే నేను చెప్పేది ఒక్కటే: మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా తీయకుండా పెట్టుకునేదే మంచి రక్షణ.

చిన్న క్లాసుల పిల్లలకు తల మీదుగా పెట్టుకునే ఇయర్ మఫ్స్ సరిపోతాయి. సరిగా పెట్టుకున్నారో లేదో దూరం నుంచే కనిపిస్తుంది. చెవి రంధ్రం ఇంకా పెరిగే వయసు కాబట్టి, కొలత తీసి చేయించే ఖరీదైన ప్లగ్స్ వాళ్లకు త్వరగా సరిపోకుండా పోతాయి. కొనేటప్పుడు పిల్లల సైజు అడగండి.

పెద్ద క్లాసుల వాళ్లకు సంగీతం కోసమే తయారుచేసిన ఫిల్టర్ ఉన్న ఇయర్ ప్లగ్స్ మేలు. సరిగ్గా కూర్చుంటే ఇవి 15 నుంచి 20 డెసిబెల్స్ దాకా తగ్గిస్తాయి. అన్ని స్వరాలనూ ఇంచుమించు సమానంగా తగ్గిస్తాయి కనుక తాళం, సింబల్ శబ్దం స్పష్టంగానే ఉంటాయి. పరేడ్ బ్యాండ్ పిల్లలకు టోపీ మీద మఫ్స్ నిలవవు, ఎండలో చెమట పడుతుంది, కమాండ్ కూడా వినపడాలి. వాళ్లకు దారం ఉన్న ఇలాంటి ప్లగ్స్ ఇవ్వండి. సైడ్ డ్రమ్ వాయించే వాళ్లకే కాదు, పక్కనే నిలబడే సింబల్స్, ట్రంపెట్ పిల్లలకూ ఇవి కావాలి.

ఫోమ్ ప్లగ్స్ కొద్ది పదుల రూపాయల్లోనే దొరుకుతాయి. సన్నని స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి కానీ, ఏమీ లేకపోవడం కన్నా ఎంతో నయం. సన్నగా చుట్టి, చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో అరనిమిషం పట్టుకోవాలి. సగం బయటే ఉంటే పనిచేయనట్టే.

దూది పెడితే తగ్గేది చాలా తక్కువ. పాటతో పాటు వాయించడానికి పెట్టుకునే మామూలు ఇయర్‌బడ్స్ రక్షణ కాదు, డ్రమ్స్‌ను మించి వినపడాలని పిల్లలు పాట సౌండ్ పెంచేస్తారు. చెవిలో నొప్పి, చీము ఉంటే ఇఎన్‌టి డాక్టర్‌కు చూపించకుండా ప్లగ్స్ పెట్టకండి.

క్లాసు నుంచి వచ్చాక చెవిలో గుయ్‌మంటోందని చెప్పినా, గట్టిగా మాట్లాడుతున్నా, టీవీ సౌండ్ పెంచుతున్నా తేలిగ్గా తీసుకోకండి. అది చెవి ఇస్తున్న హెచ్చరిక. డ్రమ్స్ మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, తర్వాత ఏడాదికోసారి ఆడియోమెట్రీ పరీక్ష చేయించి ఆ కాగితాలు దాచుకోండి.

పిల్లలను డ్రమ్స్ మాన్పించమని నేను అనడం లేదు. స్కూటర్ ఎక్కేటప్పుడు హెల్మెట్ పెట్టుకున్నట్టే, డ్రమ్ ముందు కూర్చునేటప్పుడు ఇది పెట్టుకోవాలి. ఈ నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కులతో పాటు ఇంకో ప్రశ్న అడగండి: "బ్యాండ్ రూమ్‌లో మా పిల్లల చెవులకు ఏం పెడుతున్నారు?" పదిమంది తల్లిదండ్రులు అడిగితే, జాబితా దానంతట అదే మారుతుంది.