కనబడని కంఠము

టెలివిజను ఆటలలో గెలిచినవాని ముఖము ప్రేక్షకులకు గుర్తుండును. ఆట నడపువాని చతురోక్తులును గుర్తుండును. ఆడవచ్చినవారెవరో, బహుమతి యేమో ప్రకటించు అనౌన్సరు మాత్రము తెరపై కానరాడు. అమెరికాలో డాన్ పార్డో అట్లు కానరాకయే బ్రదుకంతయు గడపెను.

1918లో మసాచుసెట్సు రాష్ట్రమున జన్మించిన పార్డో 1944లో ఎన్.బి.సి. సంస్థలో చేరెను. 1956 మొదలు 1963 వరకు ‘ది ప్రైస్ ఈజ్ రైట్’ అను ఆటలో బహుమతులను వర్ణించెను. వస్తువును చూచి దాని వెల నూహించుట ఆ యాట. కావున వెల చెప్పరాదు, వస్తువును మాత్రము వర్ణింపవలెను. ఇది తేలిక పని కాదు. విశేషణములు మితిమీరినచో అంగడివాని కేక యగును. కొరవడినచో సరకుల పట్టీ యగును. మాటలు వేరొకరు వ్రాసినవే. అయినను వ్రాసినది వేరు, వినబడినది వేరు అని తరగతిలో పద్యము చదివి వినిపించిన ఉపాధ్యాయుల కెవరును చెప్పనక్కరలేదు. 1964 నుండి 1975 వరకు ‘జెపర్డీ’ ఆటలోను ఆయన కంఠమే పలికినది.

అనౌన్సరును గొంతున్న అంగడివానిగా తలచి తేలిక చేయువారు 1963 నవంబరు 22వ తేదీని స్మరింపవలెను. డాలసులో అధ్యక్షుడు కెన్నెడీపై కాల్పులు జరిగినవను వార్తను న్యూయార్కు స్టేషనులో, నడుచుచున్న కార్యక్రమము నాపి, చదివినవాడు పార్డోయే. తెరపై ఒక ఫలకము మాత్రమే కనబడినది. కొలది నెలల క్రిందటి వరకు బహుమతులను వర్ణించిన గొంతులో ఆనాడు అలంకారము లేదు, తొట్రుపాటు లేదు. ఉల్లాసము ఆ గొంతునకు సహజమైనచో ఇది సాధ్యమయ్యెడిది కాదు. అది అభ్యాసముచే వచ్చిన విద్య.

వ్రాతను చదివి వినిపించు యంత్రము లిప్పుడు వచ్చినవి. ఉచ్చారణలో అవి తడబడకపోవచ్చును. పార్డో తడబడెను. 1975లో ‘సాటర్డే నైట్ లైవ్’ తొలి ప్రసారమున నటబృందము పేరులోని మాటలనే తారుమారు చేసెను! ఆ కార్యక్రమమువారు ఆయనను వదలుకొనలేదు. చదువుచున్నది బహుమతి వర్ణనయో, దుర్వార్తయో ఎరిగి గొంతు మార్చుకొనువానికి ఒక తడబాటు లెక్కలోనిది కాదు.

2004లో ఎన్.బి.సి. నుండి విరమించిన పిదపను పార్డో ఆ కార్యక్రమమునకై అరిజోనా నుండి న్యూయార్కుకు విమానమున వచ్చుచుండెను. 2010లో టెలివిజను అకాడమీ గౌరవపీఠమున స్థానము లభించినది. అనౌన్సరులలో ఆ గౌరవ మందినవారిలో ఆయనయే ప్రథముడు. అప్పటికి ఆయన వయసు తొంబదియొక్క యేండ్లు. చివరి యేండ్లలో ప్రయాణము కష్టమై, అరిజోనాలోని యింటనే కూర్చుండి నటుల పేర్లు చదివెను. 2014 ఆగస్టులో మరణించెను.