ఎండను అడిగి కట్టిన ఇల్లు



ఒంటిపూట బడులు మొదలైన రోజున మా ఎదురింటి కుర్రాడు పుస్తకాల సంచీతో, చెమటలు కక్కుతూ మా పంచలోకి వచ్చి కూలబడ్డాడు. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. కుండలో నీళ్ళు రెండు గ్లాసులు తాగి, "తాతయ్యా, ఒంటిపూట బడి ఎందుకు పెడతారు?" అని అడిగాడు.

"ఎండలు ముదురుతాయి గనుక," అన్నాను.

"ఎండ ఉండేది బయట గదా? మేం కూర్చునేది గదిలో గదా?"

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నాకు చప్పున జవాబు తోచలేదు. వాడన్నది నిజమే. ఎండా వానా తగలకుండా ఉండడానికే గదా మనిషి ఇల్లు కట్టుకున్నది!

మీకొక సంగతి దాచకుండా చెబుతాను. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఒక బడిలో కొత్తగా రెండు గదులు కట్టించారు. పైన రేకులు. కిటికీలు ఒక్క పడమటి గోడకే. చోటు చాలదంటే అక్కడున్న వేపచెట్టు కొట్టెయ్యడానికి సరేనని సంతకం పెట్టింది నేనే. ఆ ఏడు ఏప్రిల్‌లో ఒక ఆడపిల్ల లెక్కల పరీక్ష రాస్తూ రాస్తూ సొమ్మసిల్లి బల్లమీదికి ఒరిగిపోయింది. మొహాన నీళ్ళు చల్లి, అట్టతో విసిరాము. కళ్ళు తెరిచి ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "సార్, టైమైపోయిందా?" అని.

ఆ గదులు కట్టేముందు ఎండ ఎటునుంచి వస్తుంది, గాలి ఎటునుంచి వీస్తుంది అని అడిగినవాడు ఒక్కడూ లేడు. నేనూ అడగలేదు.

అలా అడగడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళను ఆర్కిటెక్టులంటారు. బేల్దారి మేస్త్రి గోడ లేపుతాడు. ఆ గోడ ఎంత బరువు మోస్తుందో ఇంజనీరు లెక్క కడతాడు. అసలు గోడ ఎక్కడ ఉండాలి, కిటికీ ఎటు తెరుచుకోవాలి, మధ్యాహ్నం రెండు గంటలకు నీడ ఎక్కడ పడుతుంది అని ముందే ఊహించి కాగితం మీద గీసేవాడు ఆర్కిటెక్టు. అటువంటివారిలో ఒకరి కథ వినండి.

గుజరాతులోని వడోదరకు చెందిన కరణ్ గ్రోవర్ అనే ఆర్కిటెక్టు కథ ఇది. ఆ ఊరికి కొంత దూరంలో, పావాగఢ్ కొండ కింద చాంపానేర్ అనే పాత పట్టణం ఉంది. ఒకప్పుడు అది మహమూద్ బేగడా అనే సుల్తాను రాజధాని. తరవాత పాడుబడి అడవి పాలయింది. దాన్ని కాపాడాలని గ్రోవర్ 20 ఏళ్ళకు పైగా పట్టు విడవకుండా పాటుపడ్డారు. చివరకు 2004లో యునెస్కో వారు ఆ పట్టణాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. పాత కట్టడాల మధ్య అన్నేళ్ళు తిరిగినవాడికి అవి పాఠాలు చెప్పకుండా ఉంటాయా? రాతిని జల్లెడలాగా చెక్కిన గోడలు, నడుమ ఖాళీ వాకిళ్ళు, అన్నీ ఎండను తప్పించి గాలిని పిలిచే ఉపాయాలే.

చిత్రమేమంటే, అదే 2004లో, జూలై 14న, ఆయన గీసిన మరొక కట్టడాన్ని మన హైదరాబాదులో రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించారు. దాని పేరు సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు. కట్టడాలు ఎంత తక్కువ కరెంటుతో, ఎంత తక్కువ నీటితో నడుస్తాయో చూసి మార్కులు వేసే 'లీడ్' అనే పరీక్ష ఒకటి అమెరికాలో ఉంది. అప్పట్లో 69 మార్కులకు 52 వస్తే ప్లాటినం తరగతి. మన హైదరాబాదు కట్టడానికి 56 వచ్చాయి. అమెరికా వెలుపల ఆ తరగతి అందుకున్న మొదటి కట్టడం అదే.

ఆ కట్టడంలో ఏముంది? మధ్యలో గుండ్రని వాకిలి. గదులన్నీ దాని చుట్టూ ఉంటాయి. అంచేత పగటిపూట దీపం అవసరం చాలా తక్కువ. చాంపానేర్‌లో చూసినటువంటి జల్లెడ గోడలు ఇక్కడా ఉన్నాయి, వాటిని జాలీలంటారు. ఎండ ఆగుతుంది, వెలుతురూ గాలీ దూరుతాయి. పైకప్పులో సగానికి పైగా మట్టి పోసి పచ్చిక పెంచారు. కొంత మేర సూర్యరశ్మితో కరెంటు పుట్టించే పలకలు అమర్చారు. గాలిని లోపలికి దించే బురుజులు కట్టారు. మన గుళ్ళకు గాలిగోపురాలని పేరేగాని, ఇవి నిజంగా గాలి కోసమే! బురుజులో దిగే గాలికి నీటి తడి తగిలి చల్లబడుతుంది. కుండలో నీళ్ళు చల్లబడే కిటుకే ఇది. నీరు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని గాలినుంచే లాక్కుంటుంది. అలా చల్లబడిన గాలే ఏసీ యంత్రానికి వెళుతుంది గనుక యంత్రానికి పని తగ్గుతుంది. వాడిన నీటిని నీటిమొక్కల వేళ్ళగుండా పారించి శుభ్రపరిచి, తోటకు పెడతారు.

ఇది విని మా కుర్రాడు, "కప్పుమీద మట్టా? మా అవ్వ వాళ్ళ మిద్దెలాగానా?" అన్నాడు.

అదే గదా నేను చెప్పబోయింది! మా దర్శి ప్రాంతంలో పాత ఇళ్ళు ఎన్నో మట్టి మిద్దెలు. దూలాలమీద దంతెలు, దంతెలమీద కట్టె పరచి, పైన జానెడు మందాన చవుడు మట్టి. గోడలు రెండడుగుల మందం. పగటి వేడి అంత మట్టిలోంచి మెల్లమెల్లగా పాకి లోపలికి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. అప్పుడు తలుపులూ, గవాక్షీ తెరిస్తే చల్లగాలి ఆ వేడిని తోసేస్తుంది. నాలుగైదు అంగుళాల శ్లాబు అలా కాదు. పగలల్లా కాగి, మనం పడుకునే వేళకు ఆ వేడినంతా మన నెత్తిన దించుతుంది.

అయితే మళ్ళీ అందరం మట్టి మిద్దెలు కట్టుకుందామని నేననను. మా మిద్దె వానాకాలం కారేది. మా అమ్మ ఇల్లంతా బిందెలు పెట్టేది. ఏటా కొత్త చవుడు తోలించాలి. జెర్రులు సరేసరి! హైదరాబాదు కట్టడానికీ మామూలు దానికంటే ఖర్చు ఎక్కువే అయింది. పేదవాడి సంగతేమిటని మీరు అడగవచ్చు.

ఆ ప్రశ్నే జీవితమంతా వేసుకున్నవాడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులో పుట్టాడు. ఇల్లు కట్టడానికి కావలసిన సామానంతా అయిదు మైళ్ళ లోపలే దొరకాలి అన్న గాంధీగారి మాటను పట్టుకుని, మన దేశంలోనే ఉండిపోయి, కేరళలో ఎన్నో చవక ఇళ్ళు కట్టాడు. 2007లో తిరువనంతపురంలో కన్నుమూశాడు. ఇటుకలను పడుకోబెట్టకుండా అంచుమీద నిలబెట్టి, గోడ నడుమ ఖాళీ వదిలే పద్ధతిని ఆయన బాగా వాడాడు. దానివల్ల ఇటుకలు దాదాపు నాలుగోవంతు మిగులుతాయి. ఆ ఖాళీలోని గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. ఖర్చూ తగ్గె, చల్లనా దక్కె!

మీరే ఒక పరీక్ష చేసి చూడండి. ఖాళీ చెప్పుల పెట్టె తీసుకుని, ఒక పక్క కిటికీలాగా కన్నం చెయ్యండి. పెద్దవాళ్ళను పక్కన పెట్టుకుని, కాలే అగరువత్తి పొగను ఆ కన్నంలోకి పోనిచ్చి, మూత మూసి, కన్నం ముందు అట్టతో విసరండి. పొగ లోపలే సుళ్ళు తిరుగుతుంది. ఇప్పుడు ఎదుటి పక్కన రెండో కన్నం చేసి మళ్ళీ విసరండి. ఒకవైపే కిటికీలున్న గదిలో పిల్లలెందుకు ఉడికిపోతారో మీకే తెలుస్తుంది. ఇక మా బడి కిటికీల రెండో దోషం పడమటి ఎండ. మిట్టమధ్యాహ్నపు ఎండను చూరు ఆపగలదు. సాయంత్రపు ఎండ వాలుగా వస్తుంది గనుక చూరుకు లొంగదు. దాన్ని ఆపవలసింది చెట్టు. దాన్ని కొట్టించింది ఎవరో ఇందాకే చెప్పాను.

"నేను ఆర్కిటెక్టునవుతాను," అన్నాడు కుర్రాడు. వాళ్ళ నాన్నకు వాణ్ణి కంప్యూటరు ఉద్యోగంలో చూడాలని ఉంది. సాయంత్రం ఆయన వచ్చి, "ఏం మేష్టారూ, మావాడికి ఏదో ఎక్కించారట!" అన్నాడు. దారి చెప్పాను. ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. చేతికి బొమ్మ గీసే అలవాటు కావాలి. నాటా అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. విజయవాడలో 2008లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ ఆర్కిటెక్చర్ విద్యాలయానికైతే జేఈఈలో వేరే పేపరు రాయాలి. చదువు అయిదేళ్ళు. 1972 నాటి చట్టం ప్రకారం, కౌన్సిల్లో పేరు నమోదైతే తప్ప ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. ఆయన అంతా విని, "అయిదేళ్ళా!" అని, మరి మాట్లాడలేదు.

కుర్రాడు మాత్రం మర్నాడే నా దగ్గరున్న గది ఉష్ణమాపకం పట్టుకుపోయాడు. వాళ్ళ శ్లాబు గదిలో పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి చూసి రాస్తున్నాడు. ఆదివారాలు వాళ్ళ అవ్వ మిద్దెలోనూ అలాగే చూస్తాడు. మీరూ మీ ఇంట్లో రెండు గదులు ఎంచుకుని, ఒక వారం ఆ మూడు వేళలా కొలిచి, కప్పు దేనితో వేశారో, కిటికీలు ఎటున్నాయో కలిపి రాసి పంపండి. వాడి లెక్కల పక్కన పెట్టి చూద్దాం.