ర్యామ్ వేయించాక క్రాష్ అయితే ఫార్మాట్ మందు కాదు

ర్యామ్ పెంచాక సిస్టమ్ ఆగిపోతోందని వెళ్తే చాలా షాపుల్లో మొదట వినిపించే మాట "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి". రిపేర్లే బతుకుతెరువైన వాడిగా గట్టిగా చెబుతున్నాను, ఈ పద్ధతి మారాలి.

మొన్న ఒక డీటీపీ ఆపరేటర్ సిస్టమ్ తెచ్చారు. 8 జీబీకి తోడు ఇంకో 8 జీబీ వేయించుకున్నారు. శుభలేఖ ఫైలు తెరవగానే బ్లూ స్క్రీన్, రీస్టార్ట్. అప్పటికే ఒకచోట ఫార్మాట్ కొట్టించి, దాచుకున్న డిజైన్లన్నీ పోగొట్టుకున్నారు. కొత్త ర్యామ్ స్టిక్ తీసేస్తే సిస్టమ్ చక్కగా నడిచింది. కొత్తది ఒక్కటే పెట్టి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ నడిపితే వరసగా ఎర్రర్లు. స్లాట్ మార్చినా అంతే. లోపం స్టిక్‌లోనే ఉంది.

అన్నిసార్లూ స్టిక్ చెడిపోయి ఉండదు. సరిగా కూర్చోకపోవచ్చు, పాతదానితో పొసగకపోవచ్చు. డీడీఆర్4 స్టిక్ మీద 3600 అని ఉంటే, సాధారణంగా బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే ఆ వేగం వస్తుంది. అది ఓవర్‌క్లాకింగే. ఆఫ్ చేశాక క్రాష్‌లు ఆగితే, ఆ వేగం మీ బోర్డుకో ప్రాసెసర్‌కో పడటం లేదని అనుమానించాలి.

ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు, కాస్త ఓపిక చాలు. షాపులవాళ్లు బిల్లు రాసేముందే టెస్ట్ నడిపి చూపించాలి. కొనేవాళ్లూ అడిగి చేయించుకోండి. ఒక్క స్టిక్‌తో నడిపి చూడకుండా మీ హార్డ్‌డిస్క్ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి.